సెషన్ కలిసినా రూట్ వెళ్లట్లేదా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. చుట్టుపక్కల ఊళ్లకు ఫైబర్ నెట్ ఇస్తున్నాం. సొంతంగా ఏఎస్ నంబర్ (ఇంటర్నెట్లో మా నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్య), ఒక /24 ఐపీ బ్లాక్ (256 అడ్రస్‌లు) తీసుకొని ఇద్దరు ప్రొవైడర్లతో బీజీపీ (నెట్‌వర్కులు తమ రూట్లను ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి) పెట్టాం. రెండు సెషన్లూ ‘ఎస్టాబ్లిష్డ్’ అనే చూపిస్తున్నాయి. కానీ ప్రొవైడర్లు ‘మీ రూట్ మాకు రావట్లేదు’ అంటున్నారు. తప్పు ఎక్కడుందండీ?

జవాబు: ఎస్టాబ్లిష్డ్ అంటే రెండు రూటర్లు టీసీపీ 179 పోర్టు మీద మాట్లాడుకుంటున్నాయని మాత్రమే. సిస్కో తరహా రూటర్లలో ‘నెట్‌వర్క్’ కమాండ్‌తో రాసిన బ్లాక్ సరిగ్గా అదే మాస్క్‌తో (అంటే అదే సైజులో) రూటింగ్ టేబుల్‌లో ఉంటేనే బయటికి ప్రకటిస్తుంది. మీరు ఆ /24ను ఊరికో /27 (32 అడ్రస్‌లు) చొప్పున పంచి ఉంటే టేబుల్‌లో ముక్కలే ఉంటాయి, మొత్తం బ్లాక్ ఉండదు. ఎక్కువగా జరిగేది ఇదే. /24 మొత్తానికి నల్ ఇంటర్‌ఫేస్ (వచ్చిన ట్రాఫిక్‌ను పారేసే చోటు) వైపు ఒక స్టాటిక్ రూట్ రాయండి. కస్టమర్ల ట్రాఫిక్ అందులో పడిపోతుందని టెన్షన్ వద్దు. రూటర్ ఎప్పుడూ చిన్న బ్లాక్ రూట్‌నే ముందు ఎంచుకుంటుంది.

అయితే ఈ పని చేసేముందే ఇద్దరు ప్రొవైడర్ల వైపూ ఔట్‌బౌండ్ ఫిల్టర్ (మన నుంచి ఏ రూట్లు బయటికి వెళ్లాలో వడకట్టేది) పెట్టండి. దయచేసి దీన్ని తర్వాత చూద్దాంలే అనుకోకండి. ఫిల్టర్ లేకపోతే చాలా రూటర్లు ఒకరి దగ్గర నేర్చుకున్న రూట్లను రెండోవారికి చెప్పేస్తాయి. వాళ్లు కూడా వడకట్టకపోతే వాళ్లిద్దరి ట్రాఫిక్ మీ లింకు మీదికొచ్చి, మీ ఊళ్లన్నిటికీ నెట్ ఆగిపోతుంది. ఆ ఫిల్టర్‌కిచ్చే ప్రిఫిక్స్ లిస్ట్‌లో (బయటికి వదిలే బ్లాకుల జాబితాలో) మీ /24 ఒక్కటే ఉండాలి. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తన దేశంలో యూట్యూబ్‌ను ఆపడానికి పెట్టిన ఒక్క /24 రూట్ బయటికి పాకింది. దాంతో ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ దాదాపు రెండు గంటలు అందలేదు. అందుకే మన దేశంలో ఐపీ, ఏఎస్ నంబర్లు ఇచ్చే ఐఆర్‌ఐఎన్ఎన్‌లో మీ బ్లాక్‌కు ఆర్‌ఓఏ (ఆ బ్లాక్‌ను ఏ ఏఎస్ ప్రకటించొచ్చో చెప్పే నమోదు) కూడా చేసుకోండి.

బయటికి వెళ్లే ట్రాఫిక్ ఎటు పోవాలో లోకల్ ప్రిఫరెన్స్ అనే ప్రాధాన్య అంకెతో చెప్పొచ్చు. మామూలుగా 100 ఉంటుంది, ఎక్కువ ఉన్న లింకే గెలుస్తుంది. లోపలికి వచ్చేది మాత్రం పూర్తిగా మన చేతిలో ఉండదు. ఏఎస్ పాత్ ప్రిపెండ్ (మన ఏఎస్ నంబర్‌ను మళ్లీ మళ్లీ చేర్చి ఆ దారి పొడవైనట్టు చూపడం) కొంతవరకే పనిచేస్తుంది.

ప్రశ్న: వనపర్తిలో డిప్లొమా చదువుతున్నా. రూటర్లు కొనకుండా బీజీపీ నేర్చుకోవచ్చా సార్?

జవాబు: నేర్చుకోవచ్చు. లినక్స్‌లో ఉచితంగా దొరికే ఎఫ్‌ఆర్ రూటింగ్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. రెండు మూడు వర్చువల్ మెషీన్లు పెట్టి, 64512 నుంచి 65534 వరకు ఉన్న ప్రైవేట్ ఏఎస్ నంబర్లు వాడండి. ఫిల్టర్ రాయడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.