పట్టుపురుగుల క్రోమోజోములపై పరిశోధన: ఒక తండ్రి ప్రశ్నకు జవాబు

బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరంలో ఉన్న తమ అమ్మాయి కీటకాల లింగ క్రోమోజోముల (ఆడా మగా అన్నది నిర్ణయించే క్రోమోజోముల) పరిణామంపై పరిశోధన చేస్తానంటోందని, బీఈడీ చేయించడమే మేలేమోనని హిందూపురం నుంచి ఒక తండ్రి అడిగారు.

అయ్యా, పట్టుగూళ్ల మార్కెట్ ఉన్న మీ ఊరికి ఈ విషయం దూరమైనది కాదు. పండ్ల ఈగ డ్రోసోఫిలాలో ఆడదానికి రెండు ఎక్స్ క్రోమోజోములు, మగదానికి ఒక ఎక్స్, ఒక వై ఉంటాయి. పట్టుపురుగులో మాత్రం మగదానికే రెండు జెడ్‌లు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యు ఉంటాయి. ఒకరికి రెండు, ఇంకొకరికి ఒకటి ఉన్న క్రోమోజోముపై జన్యువులు ఇద్దరిలోనూ సరిసమానంగా ఎలా పనిచేస్తాయన్నదే మీ అమ్మాయిని ఆకర్షించిన ప్రశ్న అయి ఉంటుంది. మగ ఈగ తన ఒక్క ఎక్స్‌తో దాదాపు రెట్టింపు పని చేయించుకుంటుంది, మగ పట్టుపురుగు తన రెండు జెడ్‌ల పనిని తగ్గించుకుంటుంది. డబ్ల్యు నుంచి వచ్చే ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ (డీఎన్‌ఏ నుంచి నకలుగా తయారయ్యే అణువు), జెడ్‌పై ఉన్న మాస్క్ అనే జన్యువును అణచడం వల్లనే ఆడపురుగు రూపొందుతుందని 2014లో జపాన్ శాస్త్రవేత్తలు చూపారు. మగపురుగులో జెడ్ పనిని తగ్గించడంలోనూ ఈ మాస్క్‌కే పాత్ర ఉంది. ఆడ, మగ తేడా పట్టు పరిశ్రమకూ ముఖ్యమే: మగపురుగు గూళ్లలో పట్టు శాతం ఎక్కువ; గ్రైనేజీల్లో (పట్టుపురుగు గుడ్లు తయారుచేసే కేంద్రాల్లో) సంకర గుడ్ల కోసం ఆడ, మగ ప్యూపాలను (గూటిలోని దశలో ఉన్న పురుగులను) వేరుచేస్తారు. హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో శాస్త్రవేత్త జె. నాగరాజు బృందం పట్టుపురుగు జన్యుశాస్త్రంపై ఏళ్ల తరబడి పనిచేసింది.

అయితే జువాలజీ ఒక్కటే చాలదు. జన్యు వ్యక్తీకరణను, అంటే ఏ జన్యువు ఎంత పనిచేస్తోందన్నదాన్ని, నేడు ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్‌తో (కణాల్లోని ఆర్‌ఎన్‌ఏలను చదివి లెక్కించే పద్ధతితో) కొలుస్తారు కనుక గణాంకశాస్త్రం, ఆర్ లేదా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఇప్పటినుంచే నేర్చుకోవాలి. బీజకోశాలు (వృషణాలు, అండాశయాలు) కలిసిన ఆడ, మగ నమూనాలను పోల్చితే, వృషణాలకూ అండాశయాలకూ మధ్య సహజంగా ఉన్న పెద్ద తేడానే క్రోమోజోము ప్రభావంగా కనిపించి మోసం చేస్తుంది. ఇటువంటి జాగ్రత్తను లెక్కలు మాత్రమే నేర్పవు, పురుగుల్ని పెంచి, కోసి చూసిన అనుభవం నేర్పుతుంది. రెండూ నేర్పే ప్రయోగశాలనే ఎంచుకోమనండి.

ఎమ్మెస్సీ తరువాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, ఇంటి అద్దె భత్యం ఉన్నాయి. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పట్టవచ్చు, అధ్యాపక ఉద్యోగాలు తక్కువ. ఈ మాట దాచను. కేంద్ర పట్టు మండలి శాస్త్రవేత్తల పోస్టులకు, జీనోమిక్స్ సంస్థలకు ఈ నైపుణ్యాలు పనికొస్తాయి. బీఈడీ తరువాతైనా చేయవచ్చు. ముందు, మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు ఆమెతో దరఖాస్తు చేయించండి.