నాలుగేళ్లవాడి అబద్ధం, ఏడేళ్లపిల్ల అంట్లు

చి. సౌ. అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు అడిగినవి మూడు: చిన్నాడు అబద్ధాలాడుతున్నాడని, గాజులు తొడుక్కుంటున్నాడని, పాప బళ్లో తెలుగు మాట్లాడ్డానికి సిగ్గుపడుతోందని. నువ్వు అడగనిది ఇంకొకటి ఉంది, అదీ రాస్తాను.

ముందు అబద్ధం సంగతి. ఇంచుమించు నాలుగేళ్లకి పిల్లలకి ఒక కొత్త విషయం తెలుస్తుంది, తమ బుర్రలో ఉన్నది అమ్మకి కనపడదని. అది తెలిశాక అబద్ధం కాస్త బాగా ఆడగలుగుతారు. అది ఎదుగుదలేగాని దొంగబుద్ధి కాదు. పాలు ఒంపింది వాడేనని నీకు తెలిసినప్పుడు "ఎవరు ఒంపారు?" అని అడక్కు. ఆ ప్రశ్నే వాడిచేత అబద్ధమాడిస్తుంది. "పాలు ఒలికిపోయాయి, గుడ్డ పట్రా, తుడుద్దాం" అను. తుడిచాక, ఏడుపు ఆగాక, రెండే ముక్కలు చెప్పు: ఏం జరిగింది, దానివల్ల ఎవరికి ఇబ్బంది. "పాలన్నీ పోయాయి. మామ్మకి టీకి లేవు." అక్కడితో ఆపు. ఆ వయసుకి అంతకుమించి ఎక్కదు.

కొట్టావనుకో, వాడి ధ్యాసంతా వీపు మీద ఉంటుందిగాని మామ్మ టీ మీద ఉండదు. మళ్లీసారి దొరక్కుండా ఒంపడం నేర్చుకుంటాడు. "నీతో మాట్లాడను పో" అన్నా అంతే, తప్పు సంగతి మర్చిపోయి అమ్మ పోతుందేమోనని బెంగపడతాడు. అమెరికా మనస్తత్వవేత్త మార్టిన్ హాఫ్‌మన్ పెద్దల పద్ధతుల్ని ఇలాగే మూడుగా చెప్పాడు: బలం చూపించడం, ప్రేమ ఆపేయడం, ఎదుటివాళ్ల కష్టం చూపించడం. తప్పు చేస్తే లోపల గుచ్చుకునే గుణం మూడోదానితోనే బలపడుతుందన్నాడు.

ఇద్దర్నీ కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడిగి చూడు. స్విట్జర్లాండ్‌లో జాన్ పియాజే అనే మనస్తత్వవేత్త పిల్లల్ని అడిగినదే, 1932లో అచ్చయింది. అతను జామ్ అన్నాడు, నువ్వు బెల్లం అను. ఒకడు తలుపు తోస్తే వెనకున్న 15 కప్పులు తెలియక పగిలాయి. ఇంకొకడు అమ్మ చూడకుండా బెల్లం తీయబోతే ఒక్క కప్పే పగిలింది. ఎవరిది పెద్ద తప్పు? చిన్నపిల్లలు చాలామంది 15 కప్పులవాడిదే అంటారు. పెరిగేకొద్దీ ఉద్దేశం చూడ్డం వస్తుంది. ఇక్కడ మనం చేసే చేటు ఒకటుంది. స్టీలు గ్లాసు విసిరికొడితే ఊరుకుంటాం, ఫోన్ చెయ్యి జారితే వీపు పగలగొడతాం. తప్పు బరువు వస్తువు ఖరీదునిబట్టని ఇల్లే నేర్పేస్తోందన్నమాట.

గాజుల గురించి కంగారు వద్దు. రెండుమూడేళ్లకే "నేను మగపిల్లాణ్ణి" అంటారు. కానీ జడ వేసినా, గౌను తొడిగినా మగపిల్లాడు మగపిల్లాడే అన్న నిలకడ ఆరేడేళ్లకిగాని రాదు. 1966లో లారెన్స్ కోల్‌బర్గ్ అనే అమెరికా మనస్తత్వవేత్త చెప్పింది ఇదే. మీవాడికి గాజులు చప్పుడు చేసే వస్తువు, అంతే. తొడుక్కోనీ, విసుగొస్తే తీసేస్తాడు. మీ మరిది "ఆడంగి" అని నవ్వితే వాడి ముందే ఆపు, వెనకాల కాదు. అయిదారేళ్లకి వాడే "ఇది ఆడాళ్లది, అది మగాళ్లది" అని అందర్నీ సరిదిద్దడం మొదలెడతాడు. ఆ కచ్చితం తర్వాత సడలుతుంది, ఇంట్లోవాళ్లు ఎగదొయ్యకపోతే. పెద్దయ్యాక కూడా ఏ బిడ్డయినా నేను అబ్బాయిని కాదనో, అమ్మాయిని కాదనో ఏళ్ల తరబడి చెప్తుంటే కొట్టొద్దు, మంత్రగాళ్ల దగ్గరికి తిప్పొద్దు. కూర్చుని వినాలి.

ఇక నువ్వు అడగనిది. "పాప అంట్లు సర్దుతుంటే వీడు అల్లరి" అని ఎంత మామూలుగా రాశావు! ఆ వాక్యంలోనే ఇద్దరికీ పాఠం అయిపోయింది. నాలుగేళ్లవాడు తన కంచం తీసి దొడ్డి కుళాయి దగ్గర పెట్టగలడు, చెప్పులు వరసగా సర్దగలడు, కొత్తిమీర తుంపగలడు. ఏడేళ్లపిల్ల బియ్యం కడగగలదు, మొక్కలకి నీళ్లు పొయ్యగలదు. వారానికోసారి పనులు మార్చు, వాడికి చేతకానిది దగ్గరుండి చేయించు. పనికి చాక్లెట్ ఇవ్వకు. 20 నెలల పిల్లలు సాయం చేసినప్పుడల్లా వాళ్లకి బహుమతి ఇస్తే తర్వాత సాయపడటం తగ్గిందని 2008లో వార్నెకెన్, టోమసెల్లో అనే పరిశోధకులు చూపించారు. మీ ఆయన కంచం ఎవరు తీస్తున్నారో వాడు రోజూ చూస్తున్నాడు, దానికి మాత్రం నా దగ్గర కిటుకు లేదు.

పాప తెలుగు సంగతి తేలిక. ఒడిశాలో ఉన్న మీ పర్లాకిమిడిలో "మీరు ఒడియావాళ్లా, తెలుగువాళ్లా" అని అడిగేవాళ్లకి కొదవ లేదు. "ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, రెండూ నావే" అనే జవాబు దానికి నేర్పి పెట్టు. ఎప్పుడూ రెండిట్లో ఒకటి ఎంచుకోమనకు. రాత్రి పావుగంట గుణింతాలు రాయించు, ఒడియా లెక్కలు తప్పితే తెలుగులో తిట్టకు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరది, సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని వాళ్లకి పుస్తకాలు రాసిన మనిషి. ఆయన సంగతి కూడా చెప్పు.

జూన్ మధ్యలో ఒడియావాళ్ల రజ పండగ వస్తుంది. మూడ్రోజులు భూమి ముట్టయిందని నాగలి పెట్టరు, ఆడపిల్లలు పని మాని ఉయ్యాలలూగుతారు. పక్కింట్లో అది పండగ, మనింట్లో మైల అయితే పిల్ల ఏమనుకోవాలి? తొమ్మిదేళ్లు నిండేలోపు నెలసరి అంటే ఏమిటో నువ్వే చెప్పు, సమర్తనాడు గాభరా పడి తెలుసుకోకూడదు. చిన్నాడు పక్కనే ఉన్నా పంపెయ్యక్కర్లేదు. రజ మూడ్రోజులూ అంట్ల వంతు వాడికీ, వాళ్ల నాన్నకీ వేసెయ్యి.

మీ అత్తగారిని అడిగానని చెప్పు.

పెద్దమ్మ