లోయలో థీమ్ రిసార్టు: గది ఎంపిక నుంచి గీజర్ దాకా

ప్రశ్న: శీతకాలంలో కొండ లోయలోని ఒక చిన్న రిసార్టులో రెండు రాత్రులు ఉందామనుకుంటున్నాం. పారదర్శకంగా ఉండే డోమ్, పాత రైలు పెట్టె, మట్టి ఇల్లు, చెట్టు మీది ఇల్లు అని నాలుగు రకాల గదులున్నాయి. ఫొటోల్లో అన్నీ బాగున్నాయి. మాతో మోకాళ్ల నొప్పులున్న అత్తగారు, ఆరేళ్ల బాబు వస్తారు. ఏది తీసుకోమంటారు?

జవాబు: మట్టి ఇల్లు తీసుకోండి. అడుగున్నర మందం ఉన్న మట్టిగోడ పగలంతా ఎండను నెమ్మదిగా పీల్చుకుని, రాత్రి చాలాసేపటి వరకు ఆ వేడిని వదులుతూ ఉంటుంది. అందుకే లోపల వేడి, చలి ఒక్కసారిగా మారవు. అయితే నాలుగు రోజులు ఖాళీగా ఉన్న మట్టి గదిలో గోడ కూడా చల్లబడిపోయి ఉంటుంది, మళ్లీ వెచ్చబడటానికి చాలా గంటలు పడుతుంది. మీరు వెళ్లేరోజు మధ్యాహ్నం నుంచే హీటర్ వేసి ఉంచమని ముందుగా ఫోన్ చేసి చెప్పండి. ఇంకో సంగతి. మట్టి రంగు వేసిన మామూలు గోడలు కూడా మట్టి ఇళ్లుగానే చలామణీ అవుతున్నాయి. ఫొటోలో కిటికీ దగ్గర గోడ మందం చూడండి. జానెడు కంటే ఎక్కువ లేకపోతే అది పైపూత మాత్రమే.

రైలు పెట్టె అంటే ఉక్కు డబ్బా. లోపలి గోడకూ బయటి రేకుకూ మధ్య ఇన్సులేషన్ వేశారో లేదో అడగండి. వెయ్యకపోతే పొద్దుగూకిన గంటకల్లా లోపలా బయటా ఒకే చలి. వాన పడితే పైకప్పు చప్పుడుకు నిద్ర ఉండదు. బాబుకు అదే కావాలని ఉంటుంది, మాకు తెలుసు. కాసేపు లోపలికి వెళ్లి చూసి రానివ్వమని రిసార్టు వాళ్లను అడిగితే సరిపోతుంది.

డోమ్ నక్షత్రాలు చూసేవాళ్ల కోసం. దాని పల్చటి పొర గుండా గది వేడి రాత్రంతా బయటికి పోతుంది, మధ్యాహ్నం ఎండకు లోపల ఉక్కపోస్తుంది. ఇద్దరే వెళ్తూ, అమావాస్యకు అటూఇటూ ఒక్క రాత్రికి తీసుకుంటే డబ్బు వృథా కాదు. పౌర్ణమికి వెళ్తే మాత్రం వెన్నెల్లో చుక్కలు సగానికి సగం కనిపించవు.

చెట్టు మీది ఇల్లు ఈసారికి వద్దు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టం, అదీ మంచు పట్టిన చెక్కమెట్లు. కొన్నిచోట్ల బాత్రూమ్ కిందే ఉంటుంది, అంటే అర్ధరాత్రి కూడా దిగాల్సిందే. బాబు సంగతికొస్తే, పిట్టగోడ కమ్మీల మధ్య సందు 10 సెంటీమీటర్లకు మించకూడదు. అంతకు మించితే పిల్లల ఒళ్లు దూరి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది. పెద్దవాళ్లే ఎప్పుడైనా అలాంటి ఇంట్లో దిగితే, పైకి ఎక్కేముందు కింద నిలబడి ఇల్లు చెట్టుకు ఎలా ఆనిందో చూడాలి. మానులోకి దిగిన లావాటి బోల్టు, దాని మీద దూలం అటూఇటూ జరిగేలా ఇనుప పట్టా ఉంటే కట్టినవాళ్లకు పని తెలుసు. చెట్టు గాలికి ఊగుతుంది, ఇల్లు దానితోపాటు కొంచెం కదలాలి. రాత్రి వినిపించే కిర్రుకిర్రులో చాలాభాగం అదే. మాను చుట్టూ తీగ బిగించి కట్టి ఉంటే అది బెరడులోకి దిగి చెట్టును చంపుతుంది. అలాంటి ఇంట్లో దిగకండి.

ప్రశ్న: లోయ అడుగున ఒక గది, వాలు మీద ఒక గది ఖాళీగా ఉన్నాయి. అడుగున గాలి తగలదు, వెచ్చగా ఉంటుందని బుకింగ్ వాళ్లు చెబుతున్నారు. నిజమేనా?

జవాబు: పగటిపూట కొంత నిజం. రాత్రి మాత్రం చాలాసార్లు దానికి తిరగబడుతుంది. పొద్దు వాలగానే వాలు మీది నేల చల్లబడుతుంది, నేలను ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. చల్లగాలి బరువు. నీళ్లలాగే పల్లానికి జారి లోయ అడుగున నిలుస్తుంది. ఎత్తుకు పోయేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుందన్న లెక్క, మబ్బూ గాలీ లేని అలాంటి రాత్రుల్లో పనిచేయదు. నడివాలు మీద ఉన్నవాళ్లు ఒక దుప్పటితో నిద్రపోతుంటే అడుగున ఉన్నవాళ్లు రెండోది వెతుక్కుంటారు. తెల్లవారుజామున పొగమంచు పేరుకునేదీ అక్కడే.

ఎండ సంగతి ఇంకా ముఖ్యం. పేపర్లో వేసే సూర్యోదయం వేళ లోయకు వర్తించదు. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. దిగిన రోజే తూర్పు శిఖరం ఎన్ని పిడికిళ్ల ఎత్తుందో కొలవండి. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు కదులుతాడు, అదీ నిటారుగా కాదు, ఏటవాలుగా. శిఖరం రెండు పిడికిళ్ల ఎత్తుంటే గది మీద ఎండ పడటానికి కనీసం గంటా ఇరవై నిమిషాలు ఆలస్యమవుతుంది. సాయంత్రం పడమటి కొండ వైపూ ఇదే లెక్క. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న దేశాల్లో, శీతకాలంలో దక్షిణానికి తిరిగిన వాలుకే ఎండ బాగా దక్కుతుంది. బుక్ చేసేముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఈ నెలలో ఆ గది గుమ్మం మీద ఎండ ఎన్నింటికి పడుతుంది?" వేళ చెప్పగలిగితే ఆ మనిషి అక్కడ ఉంటున్నట్టు. చెప్పలేకపోతే రిసెప్షన్‌కు కాకుండా గదులు చూసుకునేవాళ్లకు ఫోన్ ఇమ్మనండి.

ప్రశ్న: మేం దిగిన చోట షవర్‌లో మూడు నిమిషాలకే చన్నీళ్లు వచ్చాయి. గీజర్ బాగానే ఉందని సిబ్బంది అన్నారు. తప్పు ఎక్కడుంది?

జవాబు: గీజర్ బాగానే ఉండి ఉంటుంది, చిన్నది అంతే. 15 లీటర్ల గీజర్‌లో 60 డిగ్రీల నీళ్లున్నాయనుకోండి. కొండల్లో కుళాయి నీళ్లు 10 డిగ్రీలుంటే, రెండూ కలిపి 40 డిగ్రీలకు తెచ్చేసరికి చేతికొచ్చేది 25 లీటర్లే. నిమిషానికి 8 లీటర్లు పోసే షవర్ కింద మూడు నిమిషాల్లో అయిపోతాయి. కుళాయి నీళ్లు 25 డిగ్రీలుండే మైదానంలో అదే గీజర్ 35 లీటర్లు ఇస్తుంది, అందుకే ఇంట్లో ఈ తేడా తెలియదు. 2 కిలోవాట్ల గీజర్ మళ్లీ 60కి రావడానికి దాదాపు 26 నిమిషాలు కావాలి. కాబట్టి షవర్ మానేసి బకెట్‌లో కలుపుకోండి, మనిషికీ మనిషికీ మధ్య అరగంట ఆగండి. సోలార్ నీళ్లని చెబితే మబ్బు రోజున కరెంటుతో వేడయ్యే ఏర్పాటు ఉందా అని అడగండి.

ప్రశ్న: చలి ఎక్కువైతే గదిలోకి బొగ్గుల కుంపటి ఇస్తామంటున్నారు. కిటికీ కాస్త తెరిచి పెట్టుకుంటే ఫరవాలేదా?

జవాబు: వద్దు. కిటికీ తెరిచినా వద్దు. బొగ్గు సరిగా మండనప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. పొగ కనిపించడం లేదు కదా అని ధైర్యపడటానికి లేదు, పొగ తగ్గి నివురు గప్పిన బొగ్గు కూడా దాన్ని వదులుతూనే ఉంటుంది. మొదట తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం. ఇక్కడే చాలామంది పొరబడతారు, కొండ ఎత్తు పడలేదేమో అనుకుని తలుపులు మూసుకుని పడుకుంటారు. 2,500 మీటర్ల లోపు ఎత్తు వల్ల అలా కావడం అరుదు. గదిలో ఉన్నవాళ్లందరికీ ఒకేసారి తలనొప్పి మొదలైతే విషవాయువే అనుకోండి. వెంటనే అందరూ బయటికి రావాలి, తర్వాత డాక్టర్‌కు చూపించుకోవాలి. బయటికి రాగానే తల తేలికపడినా చూపించుకోవడం మానకండి. కుంపటిని ఆరుబయటే ఉంచి, చలి కాచుకున్నాక అక్కడే వదిలి రండి. గదిలోకి ఆయిల్ హీటర్, పక్కలోకి వేడినీళ్ల బ్యాగు అడగండి. పొయ్యి ఉన్న గదైతే పొగగొట్టం పైకప్పు దాటి బయటికి వెళ్లిందో లేదో చూడండి. పిడికిలంత ఉండే, బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం దొరుకుతుంది. కొండల్లో తరచూ దిగేవాళ్ల సంచిలో అది ఉండి తీరాలి.

ప్రశ్న: డోమ్‌లో తెల్లారేసరికి పక్కబట్టలు తడిశాయి. పైన కారుతోందా?

జవాబు: కారడం కాదు, అది మీ ఊపిరే. ఇద్దరు నిద్రపోతే తెల్లారేలోగా దాదాపు అర లీటరు నీరు ఆవిరిగా వదులుతారు. చల్లటి పొరకు తగిలి అది చుక్కలై రాలుతుంది. పైన ఒకటి, కింద ఒకటి చొప్పున గాలిరంధ్రాలను రెండు వేళ్ల సందుతో తెరిచి ఉంచండి. తడిబట్టలు లోపల ఆరేయకండి, కెటిల్ మరిగించకండి, మంచం పొరకు జానెడు దూరం జరపండి.

ప్రశ్న: వాగు ఒడ్డున ఉన్న కాటేజీ వానాకాలంలో క్షేమమేనా?

జవాబు: వాగు మట్టం కంటే ఎంత ఎత్తున ఉందో, గతంలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో అడిగి తెలుసుకోండి. మీ దగ్గర చినుకు లేకపోయినా పైన కురిసిన వాన నిమిషాల్లో దిగివస్తుంది. తేటనీళ్లు ఉన్నట్టుండి బురదగా మారినా, కొమ్మలూ ఆకులూ కొట్టుకొస్తున్నా, నీటి చప్పుడు ఒక్కసారిగా పెరిగినా, తగ్గినా సామాను వదిలేసి వాలు ఎక్కండి. వాగు వెంబడి పరుగెత్తకండి. కారు కోసం వెనక్కి వెళ్లకండి. వానాకాలంలో మాత్రం వాగు ఒడ్డు గదిని పగలు కూర్చోవడానికే ఉంచుకుని, రాత్రి పడకకు పై వరుసలో గది అడగమనే మేం చెబుతాం.