క్లర్కు చదివేటట్టు రాసుడెట్ల?

ప్రశ్న: నేను వాట్సాప్‌ల మంచిగనే రాస్త గానీ దరఖాస్తు అంటే చెయ్యి ఆడది. మా వాడల బోరింగు ఖరాబైందని పేజీ నిండ రాసిస్తే ఆఫీసుల సారు చూసి, అసలు నీకేం కావాలె అన్నడు. తప్పెక్కడుంది?
– ఒక పాఠకుడు, పరకాల దగ్గర

జవాబు: మీ కాగితం చూసిన తమ్మీ, మొదటి ఆరు లైన్లు 'అయ్యా, తమరి దివ్యసముఖమునకు' తోనే అయిపోయినయ్, బోరింగు మాట పేజీ అడుగున వచ్చింది, అప్పటిదాంక ఎవరు చదువుతరు చెప్పు? 'విషయం' దగ్గర్నే 'హనుమాన్ గుడి ముందరి బోరింగు రిపేరు గురించి' అని రాయి. కింద ఎన్నడు ఖరాబైంది, ఎన్ని ఇండ్లకు అదే దిక్కు, నీళ్లకు ఇప్పుడు యాడికి పోతున్నరు, గంతే. పనిల పని అని వీధిలైట్లు, మోరీ సంగతి కలపకు, దానికి వేరే కాగితం. జిరాక్స్ మీద ముద్ర ఏయించుకునుడు మర్చిపోకు.

అదే ముచ్చట వాడ గ్రూపుల పెడితే 'రేపు పదింటికి ఆఫీసుకు పోతున్నం, సంతకాలకు రాండ్రి' చాలు, ఆడ 'విషయం' అని పెడితే నవ్వుతరు.

జవాబు రాకుంటే 2005 సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. ఊరి స్థాయిల ఫీజు లేదు, మండలంల 5 రూపాయలు, 30 రోజులల్ల చెప్పాలె. ఎందుకు అడుగుతున్నవో రాసే పని లేదు. గానీ అండ్ల 'ఎందుకు రిపేరు చేస్తలేరు' అని కొట్లాట పెట్టుకోకు, 'నా దరఖాస్తు మీద తీసుకున్న చర్యల నకలు ఇయ్యగలరు' అని కాగితం అడుగు, కాగితమైతే ఇయ్యక తప్పది.