రిస్టోర్ నొక్కే ముందు: మేనకోడలికి ఉత్తరం

చి. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. పొద్దున మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు లాప్‌టాప్‌లో ఇంకో రెండు ఎక్కిస్తుందట, పాడైపోదు కదరా?" అని అడిగింది. విండోస్ 11 పక్కన ఉబుంటు, ఫెడోరా అనే రెండు లైనక్స్‌లూ పెట్టుకుని ప్రాజెక్టు అందులోనే చేస్తావని తెలిసి ఛాతీ ఉబ్బింది. ఆ వెంటనే, "బ్యాకప్‌కి విండోస్‌లో సాఫ్ట్‌వేర్ ఉంది, డిస్క్ మొత్తం తీసేస్తుంది" అన్నావని కూడా చెప్పింది. ఇక మధ్యాహ్నం కునుకు పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

తేలిక సంగతులు ముందు. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకో. బూట్ సెట్టింగులు మారితే విండోస్ ముందు అడిగేది అదే. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్ కొట్టి హైబర్నేషన్, ఫాస్ట్ స్టార్టప్ రెండూ ఆపెయ్. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ అన్నా విండోస్ పూర్తిగా ఆగదు, తన ఫైల్ సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని సగం తెరిచి వదిలేస్తుంది. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి బయటి నుంచి ఇమేజ్ (డిస్క్‌ని ఉన్నదున్నట్టు ఫైలుగా తీసే నకలు) తీయబోతే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. ఒప్పుకోకపోతే చెక్‌డిస్క్ /ఎఫ్ నడిపి, రెండుసార్లు రీస్టార్ట్ చేసి, మళ్లీ ప్రయత్నించు. చార్జర్ తగిలించి ఉంచు.

ఇప్పుడు అసలు విషయం. ఇమేజ్ తీసే సాఫ్ట్‌వేర్‌కి ఫైల్ సిస్టమ్ తెలిస్తే, ఏ బ్లాకుల్లో సరుకుందో చూసి వాటినే తీసుకుంటుంది. తెలియకపోతే తాళం వేసిన బీరువాని మనుషులు మోసుకెళ్లినట్టు, లోపలేముందో చూడకుండా సెక్టార్ సెక్టార్‌గా మొత్తం మోసుకెళ్తుంది. 200 జీబీ పార్టిషన్‌లో (డిస్క్‌లో విడదీసిన ఒక భాగం) నీ ఫైళ్లు 30 జీబీయే ఉన్నా 200 జీబీ అంతా చదువుతుంది. సెకనుకు 100 ఎంబీ రాసే బయటి హార్డ్ డిస్క్‌కైతే అరగంట దాటుతుంది, పాత యూఎస్‌బీ 2 పోర్టులో పెడితే దాదాపు రెండు గంటలు. కంప్రెషన్ ఉందిగా అంటావేమో. అది సున్నాలున్న చోటే బాగా పనిచేస్తుంది, చెరిపేసిన పాత ఫైళ్ల అవశేషాలు సున్నాలు కావు. లైనక్స్ తాళం లక్స్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన పార్టిషన్ అయితే అసలు తగ్గదు. పైగా అలా తీసిన ఇమేజ్‌ని చిన్న పార్టిషన్‌లోకి దించలేం.

నీ డిస్క్‌లో ఏవి ఏ గుంపులో పడతాయో చూడు. బూట్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఫ్యాట్32, అందరికీ తెలుసు. విండోస్ పెట్టుకునే 16 ఎంబీ ఎంఎస్‌ఆర్‌లో ఫైల్ సిస్టమే ఉండదు. సీ డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్. ఉబుంటుది ఈఎక్స్‌టీ4, మంచి సాఫ్ట్‌వేర్‌లు చాలావరకు చదువుతాయి. ఫెడోరా వర్క్‌స్టేషన్ మాత్రం 33వ వెర్షన్ నుంచి, అంటే 2020 నుంచి, బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌ని డిఫాల్ట్‌గా వాడుతోంది. విండోస్ సాఫ్ట్‌వేర్‌లు తడబడేది అక్కడే. డిస్క్ జాగాని కలిపి పంచే ఎల్‌వీఎం గానీ, ఇంకో ఫైల్ సిస్టమ్ జెడ్‌ఎఫ్‌ఎస్ గానీ పెట్టావా, కష్టం ఇంకా పెరుగుతుంది.

ఈఎక్స్‌టీ4 అని పేరు ఉన్నంత మాత్రాన ధీమా వద్దు. ఈఎక్స్‌టీ4ని తయారుచేసి తనిఖీ చేసే పనిముట్ల కట్ట ఈ2ఎఫ్‌ఎస్‌ప్రోగ్స్, 2023లో వచ్చిన 1.47లో ఆర్ఫన్ ఫైల్ అనే కొత్త ఫీచర్‌ని డిఫాల్ట్ చేసింది. అది ఉన్న పార్టిషన్‌ని 1.46 ఉన్న పాత లైవ్ యూఎస్‌బీతో (లైనక్స్ బూట్ అయ్యే పెన్‌డ్రైవ్) తనిఖీ చేయబోతే, 'ఫీచర్ సీ12' తనకు తెలియదని చెప్పి ఆగిపోతుంది. డిస్క్ పాడైందని బెంబేలెత్తకు, కొత్త లైవ్ యూఎస్‌బీ తీసుకో. మూడేళ్ల కిందటి రెస్క్యూ పెన్‌డ్రైవ్‌ని నమ్ముకోవద్దని అందుకే అంటాను.

ఇక నన్ను భయపెట్టేది వేరే ఉంది. బ్యాకప్ కాదు, రిస్టోర్. ఎంతమంది పిల్లలు ఎన్నేళ్లుగా చేస్తున్నా ఈ తప్పు ఇలాగే జరుగుతుంది, కాబట్టి నిదానంగా చదువు.

విండోస్‌లో సాఫ్ట్‌వేర్ తెరుస్తావు. "విండోస్‌కి అవసరమైన పార్టిషన్లు" అనే సులువైన బటన్ కనిపిస్తుంది, నొక్కుతావు. ఈఎఫ్‌ఐ, సీ, రికవరీ పార్టిషన్లకు టిక్ పడుతుంది. ఉబుంటుకి పడదు. ఫెడోరాది "అన్‌ఫార్మాటెడ్" అనో "అన్‌నోన్" అనో చూపించి, టిక్ లేకుండా వదిలేస్తుంది. చివర్లో పచ్చ రంగులో "సక్సెస్" అని వస్తుంది. అది అబద్ధం కాదు, తనకు చెప్పినంత మేరకు సక్సెసే. డిస్క్ మొత్తం భద్రమని అనుకుంటావు.

కొన్ని నెలలకు ఏదో అప్‌డేట్‌తో విండోస్ మొరాయిస్తుంది. రెస్క్యూ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, కంగారులో ఇమేజ్ మొత్తాన్ని డిస్క్ మొత్తం మీదికి రిస్టోర్ చేస్తావు. ఆ క్షణంలో చాలా సాఫ్ట్‌వేర్‌లు పాత పార్టిషన్ టేబుల్ (ఏ పార్టిషన్ ఎక్కడుందో చెప్పే పట్టిక) తీసేసి ఇమేజ్‌లో ఉన్నవాటితో కొత్తది రాస్తాయి. ఇమేజ్‌లో లేని ఉబుంటు, ఫెడోరా ఆ పట్టికలోంచి మాయమవుతాయి. జీపీటీ అనే ఈ పట్టికకి డిస్క్ చివర ఒక నకలు ఉంటుంది, అది కూడా మారిపోతుంది.

ఇంతవరకు పోయింది పట్టిక మాత్రమే. అక్కడ ఆగి, లాప్‌టాప్ ఆపేసి, పోయిన పార్టిషన్లను పట్టే టెస్ట్‌డిస్క్‌తో వెతికితే ఈఎక్స్‌టీ4, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రెండిటి ఆనవాళ్లూ దొరికే అవకాశం ఉంది. ఎవరూ ఆగరే! విండోస్ వచ్చిందన్న సంతోషంలో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరుస్తారు, సీ పక్కన నల్ల గీతతో 'అన్‌అలొకేటెడ్' జాగా కనిపిస్తుంది, సీని దానిలోకి పొడిగిస్తారు. కొన్ని సాఫ్ట్‌వేర్‌లైతే ఆ పొడిగింపు రిస్టోర్‌లోనే చేసేస్తాయి. ఆ తర్వాత విండోస్ తన షెడ్యూల్ ప్రకారం ఎస్‌ఎస్‌డీకి ట్రిమ్ పంపుతుంది, అంటే సీలో ఖాళీగా ఉన్న బ్లాకులన్నీ అక్కర్లేదని చెబుతుంది. అందులో నీ ప్రాజెక్టు ఉన్న బ్లాకులూ ఉంటాయి. ఎస్‌ఎస్‌డీ ఒకసారి వాటిని చెరిపేశాక ఏ రికవరీ దుకాణంవాడూ తేలేడు. పాత హార్డ్ డిస్కుల కాలంలో అయితే ఎంతో కొంత దొరికేది.

అందుకని మూడు పనులు. రిస్టోర్ చేసేటప్పుడు ఏది పాడైందో ఆ ఒక్క పార్టిషన్‌నే దాని చోటులోకే దించు, డిస్క్ పక్కన టిక్ పెట్టకు. ఉబుంటులోంచి ఎస్‌జీడిస్క్ బ్యాకప్ ఆప్షన్‌తో పార్టిషన్ టేబుల్‌ని ఫైలుగా దాచు. 128 ఎంట్రీల మామూలు జీపీటీకి అది 17,920 బైట్లే, నీకు నువ్వే మెయిల్ చేసుకోవచ్చు. పార్టిషన్ల సైజు మార్చిన ప్రతిసారీ కొత్తది తియ్. మూడోది, ఇమేజ్ తీశాక అందులో ఏయే పార్టిషన్లు ఉన్నాయో తెరిచి చూసి, నోట్‌బుక్‌లో రాసుకో. విసుగ్గా ఉంటుంది, తెలుసు. అయినా రాయి తల్లీ.

విండోస్‌కి నీ ఇష్టమొచ్చిన సాఫ్ట్‌వేర్ వాడుకో. మొత్తం డిస్క్‌కి మాత్రం, ఇమేజ్‌లు తీసే క్లోన్‌జిల్లాని పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి తియ్. దాని లోపల పనిచేసే పార్ట్‌క్లోన్‌కి ఎన్‌టీఎఫ్‌ఎస్, ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అన్నీ తెలుసు. తెలియనిదాన్ని వదిలెయ్యకుండా డీడీ అనే కమాండ్‌తో మొత్తంగా మోస్తుంది. బిట్‌లాకర్ తాళం వేసి ఉన్న సీని బయటి నుంచి తీస్తే మాత్రం గజిబిజి బైట్లే వస్తాయి, సైజు తగ్గదు. సీని విండోస్ లోపలి నుంచి తీయమనేది అందుకే. ఇమేజ్ తీశాక సరిచూడమని అడిగే ఆప్షన్‌ని దాటేయకు.

శనివారం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి ఇంకో ఎస్‌ఎస్‌డీ కొంటావటగా. బేరంలో పడి సైజు మరిచిపోకు. నీ లాప్‌టాప్‌లోది 512 జీబీ, అంటే సాధారణంగా 1,000,215,216 సెక్టార్లు. 500 జీబీ అని అమ్మేది 976,773,168 సెక్టార్లే. దాదాపు 12 జీబీ తక్కువ. ఆ తేడా చాలు, క్లోన్‌జిల్లా "గమ్యం చిన్నది" అని తిరగ్గొడుతుంది. "రెండూ ఒకటేనమ్మా" అంటాడు షాపువాడు. తల ఊపి, 1 టీబీదే తీసుకో.

బయటి హార్డ్ డిస్క్‌ని రెండు పార్టిషన్లు చెయ్. ఒకటి ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్‌ఎస్, ఇమేజ్‌లకు. ఫ్యాట్32 మాత్రం వద్దు, 4 జీబీ దాటిన ఫైలు దానిలో పట్టదు. రెండోది ఈఎక్స్‌టీ4, నీ హోమ్ ఫోల్డర్‌ని ఆర్‌సింక్‌తో కాపీ చేసుకోడానికి. హోమ్‌ని ఎక్స్‌ఫ్యాట్ మీదికి లాగి పడేస్తే ఫైళ్లు వస్తాయి గానీ యజమాని, పర్మిషన్లు, సిమ్‌లింకులు (ఇంకో ఫైలుకి దారి చూపేవి) రావు. తిరిగి తెచ్చుకున్నాక, సర్వర్లలోకి లాగిన్ చేయించే ఎస్‌ఎస్‌హెచ్ నీ కీ అందరికీ తెరిచి ఉందని అలుగుతుంది. తప్పక ఎక్స్‌ఫ్యాట్‌లోనే పెట్టాల్సివస్తే టార్‌తో ఒకే ఫైలుగా కట్టి పెట్టు. ఆ హార్డ్ డిస్క్ విండోస్‌కి తగిలించినప్పుడల్లా ఈఎక్స్‌టీ4 భాగాన్ని చూసి "ఫార్మాట్ చెయ్యాలి" అని అడగొచ్చు. క్యాన్సిల్. ప్రతిసారీ క్యాన్సిల్. ఆ హార్డ్ డిస్క్‌ని మీ తమ్ముడికి ఇవ్వకు.

ఫెడోరాలో స్నాప్‌షాట్‌లు (ఆ క్షణపు నకళ్లు) ఉన్నాయని మురిసిపోవద్దు, అవి అదే డిస్క్‌లో ఉంటాయి. స్నాప్‌షాట్‌లు తీసే టైమ్‌షిఫ్ట్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మోడ్ కూడా ఉబుంటు తరహా సబ్‌వాల్యూమ్ పేర్లనే ఆశిస్తుంది, ఫెడోరా డిఫాల్ట్ అమరికకి కుదరదు. క్లోన్ చేసిన డిస్క్‌నీ అసలు డిస్క్‌నీ ఒకేసారి తగిలించి బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌ని మౌంట్ చేయకు. రెండిటి యూయూఐడీ (ఫైల్ సిస్టమ్ గుర్తింపు సంఖ్య) ఒకటే కాబట్టి లైనక్స్ కెర్నెల్ ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటుంది, డేటా చెడొచ్చు.

మేం నేర్చుకున్న రోజుల్లో లిలో అనే బూట్‌లోడర్ (లైనక్స్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్) ఉండేది. కెర్నెల్ డిస్క్‌లో ఏ బ్లాకుల్లో ఉందో మాత్రమే రాసుకునేది. బ్యాకప్ నుంచి ఫైళ్లన్నీ క్షేమంగా వచ్చినా బ్లాకులు జరిగితే చాలు, ఎల్, ఐ అనే రెండక్షరాలు చూపించి నిలబడిపోయేది. ఇప్పటి గ్రబ్ యూయూఐడీ చూసి వెతుక్కుంటుంది కాబట్టి ఇమేజ్‌ని దించితే దారి దొరుకుతుంది. కొత్తగా ఫార్మాట్ చేసి ఫైళ్లు కాపీ చేస్తే యూయూఐడీ మారుతుంది, అప్పుడు ఏది ఎక్కడ మౌంట్ చేయాలో రాసుండే ఎఫ్‌స్టాబ్, గ్రబ్ రెండూ సరిచెయ్యాలి. బూట్ మెనూలోని పేర్లు మదర్‌బోర్డులో ఉంటాయి, ఏ ఇమేజ్‌లోకీ రావు. కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టాక విండోస్ కనపడకపోతే బీసీడీబూట్ కమాండ్, ఉబుంటుకి గ్రబ్ ఇన్‌స్టాల్ కమాండ్ నడుపు. ఫెడోరాలో మాత్రం గ్రబ్ ఇన్‌స్టాల్ జోలికి పోకుండా షిమ్, గ్రబ్ ప్యాకేజీలను తిరిగి ఇన్‌స్టాల్ చెయ్, లేకపోతే సంతకం ఉన్న బూట్‌లోడర్‌నే రానిచ్చే సెక్యూర్ బూట్ ఒప్పుకోదు. గ్రబ్ మెనూలో విండోస్ పేరు రాకపోతే వేరే ఓఎస్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్ ఆఫ్‌లో ఉన్నట్టు, గ్రబ్ 2.06 నుంచి డిఫాల్టే అంత.

కొత్త ఎస్‌ఎస్‌డీ వచ్చాక దాన్ని యూఎస్‌బీ కేసులో పెట్టి, అందులోకి ఇమేజ్ దించి చూడు. పాత డిస్క్ బయటికి తీసి, కొత్తదాన్ని దాని చోట బిగించి, మూడూ బూట్ అయ్యాయని నీ కళ్లతో చూశాకే ప్రాజెక్టు ఫైళ్లు ఎక్కించు. మొదలుపెట్టే ముందు పార్టిషన్ల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ కమాండ్ కొట్టి, ఆ స్క్రీన్ ఫొటో నాకు వాట్సాప్ చెయ్. నేను సరే అనేదాకా పార్టిషన్లు ముట్టుకోకు.

మీ అమ్మకి పాడవదని చెప్పేశాను. నా మాట నిలబెట్టు.

మామయ్య