పునరుజ్జీవన కాలపు యూరప్ రచయిత్రులలో ముందుగా ఎవరిని చదవాలి?

ఎం.ఏ. ఇంగ్లీషు పాఠ్యప్రణాళికలో 16, 17 శతాబ్దాల నుంచి ఒక్క స్త్రీ పేరు కూడా లేదని, ఆ కాలపు యూరప్‌లో స్త్రీలు అసలు రాశారా అని, రాసి ఉంటే ఎవరితో మొదలుపెట్టాలని మీరు అడిగారు. వారు రాశారు, అచ్చు వేయించారు, మగవారి పుస్తకాలకు పుస్తకాలతోనే జవాబు చెప్పారు. నేను చదువుకున్న రోజుల్లోనూ ఆ జాబితా ఇలాగే ఉండేది. తరువాత డిగ్రీ కళాశాలలో ఇరవై రెండేళ్లు పాఠం చెప్పిన నేను, అందులో మొదటి పదేళ్లు ఆ జాబితానే మార్చకుండా అప్పగించాను. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది కనుకనే కొంచెం వివరంగా రాస్తున్నాను.

వెనీసు నగరానికి చెందిన మోదెరాతా ఫొంతెతో మొదలుపెట్టండి. ఆమె 1555లో పుట్టింది, 1592లో ప్రసవ సమయంలో మరణించింది. అసలు పేరు మొదెస్తా పొత్జొ. ఇటాలియన్‌లో పొత్జొ అంటే బావి, ఫొంతె అంటే ఊట. పుట్టింటి పేరులోని బావిని, కలం పేరులో పైకి పొంగే నీరుగా ఆమె మార్చుకున్నదని నాకు అనిపిస్తుంది. ఏడాది నిండేసరికి తల్లిదండ్రులిద్దరూ పోగా, బంధువుల ఇంట పెరిగింది. ఆమె జీవితచరిత్ర రాసిన దొల్యోని ఆమెకు ఆప్తబంధువు, సంరక్షకుడు. ఆయన చెప్పిన ఒక సంగతి ఉంది. సోదరుడు లియొనార్దొ బడి నుంచి ఇంటికి రాగానే ఆమె ఎదురువెళ్లి, ఆ రోజు గురువు ఏమి చెప్పాడో తనకు మళ్లీ చెప్పమని పట్టుబట్టేదట. లాటిన్ ఆమెకు వచ్చిన దారి అదే.

ఆ పేరా మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. కృష్ణా జిల్లాలో పుట్టిన మా అమ్మమ్మను బడికి పంపలేదు. వాళ్ల అన్న సాయంత్రం అరుగు మీద పలక ఒళ్లో పెట్టుకుని దిద్దుకుంటూ ఉంటే, ఆమె ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అక్షరాలు చూసేదట. ఎదురుగా కూర్చున్నందువల్ల అవి ఆమెకు మొదట తలకిందులుగానే పట్టుబడ్డాయి. నా చిన్నతనంలో నేను పైకి చదువుతూ ఉంటే, ఎదుట కూర్చున్న మనిషి పుస్తకం తిప్పకుండానే, “ఒక వరస వదిలేశావు, మళ్లీ చదువు” అనేది. తెలుగు రచయిత్రి భండారు అచ్చమాంబ గారు కూడా బడికి వెళ్లకుండా, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారి చదువు పక్కన కూర్చునే తన చదువు సాగించుకున్నారు. అందుకే ఆ కాలపు రచయిత్రులను చదివేటప్పుడు ఏమి రాశారన్న దానితో పాటు, అక్షరం ఎవరి పక్కన కూర్చుని నేర్చుకున్నారో, పుస్తకాన్ని ఎవరు బయటికి తెచ్చారో కూడా చూడమని చెబుతాను.

ఫొంతె రాసిన ‘స్త్రీల యోగ్యత’ అనే సంభాషణ గ్రంథం ఆమె పోయిన ఎనిమిదేళ్లకు, 1600లో అచ్చయింది. అంకితం రాసినది ఆమె కూతురు చెచీలియా. అంతకు ముందు ఏడాదే జుసెప్పె పాస్సి అనే ఆయన స్త్రీల దోషాలను ఏకరువు పెడుతూ ఒక పుస్తకం వేశాడు. దానికి జవాబుగా లుక్రేత్సియా మరినెల్లా రాసిన గ్రంథం కూడా ఆ 1600లోనే వెలువడింది. ఫొంతె పుస్తకంలో కన్యలు, వివాహితలు, వితంతువులు కలిసి ఏడుగురు స్త్రీలు ఒక యువ వితంతువు తోటలో నీటి ఊట దగ్గర చేరి, మగవారెవరూ లేరన్న ధైర్యంతో రెండు రోజులు మాట్లాడుకుంటారు. మొదటి రోజు తండ్రులు, అన్నదమ్ములు, భర్తల గురించి, ఆడపిల్లలకు చెందవలసిన సొమ్మును ఇంటివారే అట్టిపెట్టుకోవడం గురించి, కట్నం గురించి వాదించుకుంటారు. ఆ భాగంలో కొంత తెలుగులో చెప్పి వినిపించినప్పుడు, వెనక బల్ల మీద ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి లేచి, “మేడమ్, ఇది ఏ ఊరి సంగతి?” అని అడిగింది. నాలుగు వందల ఏళ్ల కిందటి వెనీసు అని చెబితే నమ్మలేనట్టు చూసింది.

ఆ కట్నాలే వెనీసులో మరో రచయిత్రిని తయారు చేశాయి. పెళ్లి కట్నం కంటే మఠానికి ఇచ్చే సొమ్ము తక్కువ కావడంతో, అక్కడి కుటుంబాలు కొందరు కూతుళ్లను ఇష్టంతో పని లేకుండా సన్యాసినులుగా చేసేవి. అలా మఠంలో బతుకంతా గడిపిన అర్కాంజెలా తరబొత్తి, తండ్రుల నిరంకుశత్వాన్ని ఎండగడుతూ రాసిన గ్రంథం ఆమె మరణించిన రెండేళ్లకు, 1654లో, పేరులోని అక్షరాలు తారుమారు చేసిన మారుపేరుతో వెలువడింది. 1661లో చర్చి దానిని నిషిద్ధ గ్రంథాల పట్టికలో చేర్చింది. ఫొంతె తరువాత ఈమెను చదవండి. ఫ్రాన్సులోని లియాన్ నగరంలో తాళ్లు పేనే ఇంట పుట్టి తాళ్లు పేనే ఇంటికే కోడలైన లూయీజ్ లబే కవితలు కూడా అందితే వదలకండి. 1555 నాటి ఆ సంపుటి ముందుమాటలో ఆమె స్త్రీలను కదురు మీది నుంచి కాస్త తల ఎత్తమని వేడుకుంటుంది.

ఫొంతె గ్రంథానికి వర్జీనియా కాక్స్ చేసిన ఇంగ్లీషు అనువాదం 1997లో వచ్చింది. పెద్ద విశ్వవిద్యాలయాల గ్రంథాలయాల్లో అడిగి చూడండి. ముందు దొల్యోని రాసిన జీవితచరిత్ర చదివి, ఆ తరువాత మొదటి రోజు సంభాషణకు రండి. రెండో రోజు విసుగనిపిస్తుందని చాలామంది దాటవేస్తారు. నేనూ మొదటిసారి ఆ పనే చేశాను, అది పొరపాటు. అక్కడ ఆ స్త్రీలు చేపలు, పక్షులు, మూలికలు, వైద్యం గురించి తమకు తెలిసినదంతా ఒకరికొకరు చెప్పుకుంటారు. సోదరుడి నోటి నుంచి చదువు అడిగి తెచ్చుకున్న మనిషి, ఆ తోటలో స్త్రీలే స్త్రీలకు పాఠం చెప్పేలా రాసింది. దొల్యోని మాట ప్రకారం, ఆ గ్రంథాన్ని ఆమె ముగించినది తన మరణానికి ముందు రోజున.