మిషను సంగతి సరే, నువ్వేమంటావు?

"సాంకేతికంగా ఇంత ఎదిగిన మనిషి లోపల మాత్రం ఎందుకు ఎదగడం లేదు? ఈ రెండింటికీ సమతూకం ఎలా?" అని అడిగారు. ధ్యానం చేయండి, ఫోను పక్కన పెట్టండి అనే జవాబులు మీకు ఎలాగూ వస్తాయి. నాకు ముందు ఆ సమతూకం అన్న మాటతోనే పేచీ. నేను కొన్నాళ్లు తూకం వేసి బతికినవాణ్ణి. తక్కెడ పట్టుకున్నవాడి చిటికెన వేలు ఎటు ఉందో చూడకుండా, ముల్లు నిటారుగా నిలిచిందని సంబరపడేవాళ్లను చాలామందిని చూశాను.

2013 ఏప్రిల్. నా డిగ్రీ అయిపోయి రెండేళ్లు, ఉద్యోగం లేదు. మా నాన్నకు తెలిసిన ఒక వడ్ల వ్యాపారి దగ్గర గుమాస్తాగా చేరాను. బుచ్చిరెడ్డిపాళెం దాటాక కాలువల కింద ఉన్న పల్లెలన్నీ మా తిరుగుడు. కోత యంత్రం వెనకాలే కళ్లానికి వెళ్లడం, గింజ పట్టి తేమ చూడడం, బస్తాలు కాటా వేయించడం, చీటీ రాయడం నా పని. మా నెల్లూరు వైపు వడ్లను పుట్టి లెక్కన అమ్ముతారు. పుట్టి అంటే 850 కిలోలు. ప్రభుత్వ కొనుగోళ్లకు తేమ 17 శాతం దాటకూడదని ఒక హద్దు ఉంది. వ్యాపారులూ అదే హద్దు చూపించి, అంకె దాటితే పుట్టికి ఇన్ని కిలోలని అదనంగా లాగుతారు. దళారుల గురించి రాయడం మొదలుపెడితే ఈ జవాబు రేపటికి కూడా పూర్తి కాదు కాబట్టి వదిలేస్తున్నాను. పైగా అప్పుడు నేనూ వాళ్లలో ఒకణ్ణే.

తేమ చూసే మిషను టిఫిను డబ్బా అంత ఉండేది. గింజ పోసి, మూత బిగించి, మీట నొక్కితే అంకె చూపిస్తుంది. అయితే ఏ గింజకు ఆ గింజ సంఖ్య ముందే పెట్టుకోవాలి. వడ్లకు ఒకటి, మొక్కజొన్నకు ఇంకొకటి. అది తప్పితే అంకె కూడా తప్పుతుంది.

ఆ రోజు మూడో కళ్లం ఒక పెద్దమ్మది. భర్త పోయి ఏడాది. రెండున్నర ఎకరాల పంట, ఏడు పుట్లు. తారు రోడ్డు మీద నాలుగు రోజులు ఆరబోసి, కాళ్లతో తిరగదిప్పుతూ తనే కాపలా ఉంది. నేను గింజ పట్టాను. 19.4 అని చూపించింది. చెప్పులు లేకుండా నిలబడలేని రోడ్డు మీద నాలుగు రోజులు ఎండిన వడ్లలో అంత తేమ! మళ్లీ పట్టాను. 19.2. అప్పుడు చూశాను, మిషను మీద మూలన ఉన్న సంఖ్య వడ్లది కాదు. పొద్దున షావుకారు నా చేతికి ఇచ్చినప్పటి నుంచి అలాగే ఉంది, నేను గమనించలేదు. సరిచేయడం ఒక్క మీట పని. కానీ అప్పటికే అదే అంకెలతో రెండు కళ్లాల చీటీలు రాసేశాను. ఇక్కడ సరిచేస్తే వెనక్కి వెళ్లి అవీ మార్చాలి, షావుకారుకు జవాబు చెప్పాలి. ఆలోచించడానికి నాకు పట్టింది ఒక్క నిమిషం. ఆ నిమిషంలో మీట మీద నుంచి వేలు తీసేశాను.

పెద్దమ్మకు చదువు రాదు, అంకెలు తెలుసు. మిషను వంక చూసింది. వంగి రాశిలోంచి నాలుగు గింజలు తీసి నా అరచేతిలో పెట్టింది.

"మిషను సంగతి సరే నాయనా. నువ్వు కొరికి చూసి చెప్పు. నువ్వేమంటావు?"

కొరికాను. తడి గింజ పంటి కింద నలుగుతుంది, ఎండిన గింజ టక్కుమంటుంది. వరి పండే ఊళ్లో ఇది ఆరేళ్ల పిల్లవాడికి కూడా తెలుసు. నా నోట్లో టక్కుమంది. ఆ చప్పుడు ఆమెకూ వినిపించే ఉంటుంది, అంత దగ్గరగా నిలబడింది.

"మిషను చూపించిన ప్రకారమే పెద్దమ్మా, నా చేతిలో ఏముంది?" అన్నాను. అప్పుడు నా చేతిలో ఉన్నది ఆ మిషనే.

ఆమె తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. "సరే, రాసుకో" అంది. పుట్టికి నలభై కిలోల చొప్పున ఏడు పుట్లకు 280 కిలోలు పోయాయి. ఆ ఏటి మద్దతు ధర క్వింటాలుకు 1,250 రూపాయలు. ఆ లెక్కన వేసినా 3,500. నాకు అందులో పైసా రాలేదు, నెల జీతం తప్ప. సాయంత్రం ఎవరూ చూడకుండా సంఖ్య సరిచేశాను. చీటీలు మాత్రం సరిచేయలేదు.

ఇది చదివి పాతకాలమే నయమని ఎవరూ నిట్టూర్చనక్కరలేదు. మా తాత చెప్పేవాడు, ఆ రోజుల్లో తక్కెడ పళ్లెం అడుగున చింతపండు ముద్ద అంటించి తూచేవారట. మోసం అప్పుడూ ఉంది. కాకపోతే చింతపండు అంటించినవాడికి తను దొంగనని తెలుసు. తన చేత్తో అంటించాడు, ఇంటికెళ్లి ఆ చెయ్యి కడుక్కున్నాడు. నాకు కడుక్కోవడానికి ఏమీ లేదు. మిషను చెప్పింది, నేను రాశాను. యంత్రాలు మనల్ని చెడగొట్టాయని నేను అనను. తప్పు చేసి కూడా చేసినట్టు తెలియకుండా బతికే వసతి ఇచ్చాయంటాను. మీరు లోపలి ఎదుగుదల అంటున్నది ఏమిటో నాకు ఇంతకంటే బాగా అర్థం కాదు: ఆ వసతి వాడుకోకుండా ఉండడం.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మా దగ్గరే ఉంది. శ్రీహరికోట 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది కానీ, అంతకుముందు మాదే. ఇప్పటికీ రాకెట్ పోతుంటే మిద్దె ఎక్కి చూస్తాం. 1979 ఆగస్టు 10న అక్కడి నుంచి ఎస్ఎల్‌వీ-3 రాకెట్ మొదటి ప్రయోగం జరిగింది. ఆఖరి ఘడియల్లో కంప్యూటర్ ఆపమందని, నిపుణులతో మాట్లాడి తాను దాన్ని పక్కనపెట్టి ప్రయోగించానని, రాకెట్ సముద్రంలో పడిందని అబ్దుల్ కలాం గారు తర్వాత ఎన్నో సభల్లో చెప్పారు. చూశారా, అక్కడ మిషను మాటే నెగ్గింది. కాబట్టి ఎప్పుడూ గింజ కొరికే చూడాలని నేను వాదించడం లేదు. ఆ తర్వాత జరిగింది ముఖ్యం. ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ గారు విలేకరుల ముందు కూర్చుని వైఫల్యం బాధ్యత తన మీద వేసుకున్నారు. 1980 జులై 18న ప్రయోగం నెగ్గినప్పుడు మాట్లాడమని కలాం గారిని పంపారు. ప్రయోగానికి ముందు సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి శాస్త్రవేత్తలు వెళ్తే విజ్ఞానానికి అవమానమని ఏటా తగవులాడేవాళ్లు ఈ సంగతి మాత్రం ఎత్తరు. గుడికి వెళ్లారా లేదా అన్నది నాకు పట్టదు. రాకెట్ పడినప్పుడు "నేను" అన్నదెవరో చూస్తాను.

ఇప్పుడు నాకు నెల్లూరులో ఒక ఆన్‌లైన్ సెంటరు ఉంది. ఫొటోస్టాట్, దరఖాస్తులు, డబ్బు పంపడం, వేలిముద్ర పెట్టించుకుని డబ్బు తీసివ్వడం. జీవితమంతా నాట్లు వేసి, కలుపు తీసి అరిగిపోయిన వేళ్లు వస్తాయి. మిషను వాటిని గుర్తించదు. అప్పుడు మేమనే మాట ఏమిటో తెలుసా? "అవ్వా, నీ వేలు పడటం లేదు." మిషనుకు చేతకాలేదని అనం, తప్పు అవ్వ వేలిది! ఆమె కూడా నమ్మి, ఆ వేలిని చీరకు తుడుచుకుని, ఏదో నేరం చేసినట్టు మళ్లీ పెడుతుంది. ఈ మాట నేనూ ఏళ్ల తరబడి అన్నాను. ఇప్పుడు "ఈ డబ్బాకు కళ్లు సరిగ్గా లేవు అవ్వా, ఇంకో వేలు చూద్దాం" అంటున్నాను. దానివల్ల డబ్బు త్వరగా రాదు. అవ్వ మాత్రం వేలు తుడుచుకోవడం మానేసింది.

మా మేనల్లుడు చెన్నైలో అప్పుల కంపెనీలకు ప్రోగ్రాములు రాస్తాడు. ఎవరికి అప్పివ్వాలో, ఎవరికి వద్దో కృత్రిమ మేధ తేలుస్తుందట. కాదన్నవాళ్లకు కారణం చెబుతారా అని అడిగితే, "కాదనేది మేము కాదు మామయ్యా, మోడల్" అన్నాడు. వాడు మంచి పిల్లవాడు. రోజూ పొద్దున ధ్యానం చేస్తాడు, దానికీ ఒక యాప్ ఉంది. ఒక పూట మానేస్తే "మీ వరుస తెగిపోయింది" అని బెదిరిస్తుందట. ప్రశాంతత కోసం బెదిరింపు!

మొహర్రం రోజుల్లో మా స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగకు వచ్చి చూడండి. విద్య రొట్టె, ఉద్యోగ రొట్టె, సొంతింటి రొట్టె, విదేశీయాన రొట్టె... దేనికదే ఒక గుంపు. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఇచ్చిపుచ్చుకుంటారు. బుద్ధి రొట్టె కోసం ఎవరూ కేకేయగా నేను వినలేదు. నేనూ అడగలేదు లెండి, నేను తీసుకున్నది వ్యాపారం రొట్టె.

మీరు అడిగిన "ఎలా" అన్నదానికి నా దగ్గర ఉన్నది చాలా చిన్న పని. మా వృత్తిలో అన్నిటికన్నా సులువైన అబద్ధం "సర్వర్ డౌన్". ఆకలేస్తే సర్వర్ డౌన్, విసుగొస్తే సర్వర్ డౌన్. రెండేళ్లుగా అది మానేశాను. "నేను అన్నానికి వెళ్తున్నాను, మూడింటికి రండి" అంటున్నాను. జనం కోపంగా చూసి పక్క దుకాణానికి వెళ్తారు. అక్కడ సర్వర్ డౌన్.

2019లో పని మీద ఆ ఊరి మీదుగా పోతూ పెద్దమ్మ ఇల్లు అడిగాను. పొలం కౌలుకిచ్చి కావలి దగ్గర కూతురింటికి వెళ్లిపోయిందన్నారు. ఊరి పేరు కూడా చెప్పారు, ఫోనులో రాసుకున్నాను. ఇంకా వెళ్లలేదు. కుదరలేదు అనబోయి ఆగాను, వెళ్లలేదు, అంతే. మ్యాపు తెరిస్తే గంటా పది నిమిషాలు అని చూపిస్తుంది. అప్పుడప్పుడు తెరిచి చూస్తుంటాను.